ఇనుము పెంచకండి, తాడు వదలండి

ఏప్రిల్ 15 వచ్చిందంటే వాకాడు తీరంలో బోట్లన్నీ ఒడ్డెక్కుతాయి. జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరం పొడుగునా ఇదే లెక్క. ఆ రెండు నెలల్లో మావాళ్లు వలలు బాగుచేసుకుంటారు, ఫైబర్ బోట్లకు పగుళ్లు పూడుస్తారు, ఇంజన్లు విప్పి కడుగుతారు. నాకు లంగర్ల పని తగిలేది కూడా అప్పుడే. మాది తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన వెల్డింగు అంగడి. ఏడాదంతా గేట్లు, కిటికీ గ్రిల్లులు, మేడమెట్ల రెయిలింగులు. మా అత్తగారి ఊరు దుగరాజపట్నం దగ్గర సముద్రం ఒడ్డు పాలెం కావడంతో, బంధువుల కోసం మొదలుపెట్టిన లంగర్ల పని చుట్టుపక్కల పాలేలకు కూడా పాకింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఆ తీరం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఇప్పుడు మా కొండకూ ఆ సముద్రానికీ ఒకే కలెక్టరు.

ఈ ఏడు మొదటి బేరం మా చిన్నమామది. వేరేచోట చేయించుకున్న పాత లంగరును సంచిలో చుట్టి బస్సులో తెచ్చినాడు.

"నిలబడ్డంలేదు అల్లుడూ. గాలి కొంచెం తిరిగితే చాలు, ఈడ్చుకుంటా పోతావుంది. ఇంకో అయిదు కేజీలు ఎక్కువేసి కొత్తది చెయ్యి."

"ఎంత లోతులో వేస్తావు మామా?"

"అయిదు బారలుంటాది."

"తాడు ఎంత వదుల్తావు?"

"పది బారలు. మహా అయితే పన్నెండు."

జబ్బు ఇనుములో లేదు, అక్కడుంది. ఈ మాట ఒక్క మామకే కాదు, నా దగ్గరికి వచ్చే ప్రతివాళ్లకూ చెప్తున్నాను. లంగరు జారిందంటే మొదట బరువు పెంచాలనిపిస్తుంది. బరువు పెంచితే పైకి లాగే చేతులకు, నడుముకు కష్టం పెరుగుతుంది తప్ప పట్టు పెద్దగా పెరగదు. చిన్న బోటును పట్టి ఉంచేది లంగరు అడుగు మట్టిలోకి ఎంత దిగింది అన్నది. అది దిగాలంటే తాడు దాన్ని పక్కకు లాగాలి, పైకి ఎత్తకూడదు.

లెక్క చాలా తేలిక. బార అంటే రెండు చేతులూ చాచినంత పొడుగు. అయిదు బారల లోతులో పది బారల తాడు వదిలారనుకోండి. బోటు లాగి తాడు బిగిసినప్పుడు అది సముద్రం అడుగుతో ముప్పై డిగ్రీల కోణంలో నిలబడుతుంది. అప్పుడు తాడులో ఉన్న బలంలో సరిగ్గా సగం లంగరును పైకి ఎత్తడానికే పోతుంది. లోతుకు అయిదు రెట్లు తాడు వదిలితే కోణం పదకొండున్నర డిగ్రీలకు దిగుతుంది, పైకెత్తే బలం అయిదో వంతు. ఏడు రెట్లు వదిలితే ఎనిమిది డిగ్రీలు, ఏడో వంతు. ఎన్ని రెట్లు వదిలితే అన్నో వంతు, అంతే. మామకు పేపరు మీద గీసి చూపిస్తే వెంటనే పట్టేసినాడు. లోతు అంటే నీళ్ల లోతు ఒక్కటే కాదు. బోటు ముక్కు నీళ్లపైన ఎంత ఎత్తుందో అది కూడా కలపాలి. పోటు వచ్చి నీళ్లు పెరిగితే అదీ కలపాలి. మన తీరంలో పోటుకూ పాటుకూ తేడా మహా ఉంటే మీటరు, మీటరుంపావు. అయినా రెండు మీటర్ల నీళ్లలో ఆగేవాళ్లకు అది చిన్న తేడా కాదు.

గాలి సంగతి కూడా చెప్పాలి. గాలి వేగం రెండింతలైతే బోటు మీద పడే బలం నాలుగింతలవుతుంది. గంటకు 20 కిలోమీటర్ల గాలిలో బాగానే నిలబడిన లంగరు 40లో ఉన్నట్టుండి వదిలేస్తే లంగరు చెడిపోయిందని కాదు. గాలి పెరిగేకొద్దీ తాడు వదులుతూ పోవాలి. బోటులో తాడే లేకపోతే వదిలేదేముంటుంది? అందుకే మామను ఇనుము ఎక్కువేయించుకోవద్దని, ఆ డబ్బుతో ఇంకో ఇరవై బారల తాడు కొనుక్కోమని అడిగినాను.

బరువు విషయంలో ఇంకో మోసం ఉంది. చాలామంది పెయింటు డబ్బాలో కాంక్రీటు పోసి, మధ్యలో ఒక కడ్డీ వంకీ గుచ్చి లంగరుగా వాడుకుంటారు. ఖర్చు తక్కువ, ఎవరైనా చేసుకోవచ్చు, నిజమే. ఒడ్డున 20 కిలోలు తూగే ఆ కాంక్రీటు దిమ్మె సముద్రంలో మునిగాక పదకొండున్నర కిలోలే. నల్లరాయి అయితే పన్నెండు, పన్నెండున్నర. అదే 20 కిలోల ఇనుము నీళ్లలో కూడా పదిహేడు కిలోలకు పైనే ఉంటుంది. తను పక్కకు నెట్టిన నీళ్ల బరువంత తగ్గుతుంది కాబట్టి, లావుగా ఉండి బరువు తక్కువున్న వస్తువుకు నష్టం ఎక్కువ. పైగా గుండ్రటి దిమ్మె ఇసుకమీద దొర్లుతుంది. మెత్తటి బురదలో ఎక్కువసేపు ఉంచితే అది కూరుకుపోయి బాగా పట్టుకునే మాట వాస్తవమే. ఎప్పుడూ ఒకేచోట కట్టి ఉంచే బోటుకు అది పనికొస్తుంది. రోజూ వేసి తీసే లంగరుకు పనికిరాదు.

రాతి లంగరును తక్కువ చేసి మాట్లాడ్డం నాకు ఇష్టంలేదు. ద్వారక దగ్గర సముద్రం అడుగున మూడు కన్నాలున్న రాతి లంగర్లు చాలా దొరికినాయి. పై కన్నం తాడుకు, కింది రెండు కన్నాల్లో కర్ర మేకులు దిగేస్తారు. ఆ కర్రలే అడుగు మట్టిని పట్టేది, రాయి వాటిని కిందికి నొక్కి ఉంచేది. బరువు ఒక్కటే చాలదని ఆ కాలంలోనే తెలిసినవాళ్లు చేసిన పని అది. 1933లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్త జి.ఐ. టేలర్ కొత్తరకం లంగరు కనిపెట్టినప్పుడు దానికి నాగలి కర్రు ఆకారమే ఇచ్చినాడు. మన సేద్యంలో చూడండి, నాగలి లోపలికి దిగేది కర్రు వాలును బట్టి, ఎద్దులు లాగే కోణాన్ని బట్టి. లంగరు కూడా అట్నే. నేను చేసే లంగర్లన్నిటికీ ఇదే ఆధారం.

ఇక ఏ చోటుకు ఏది? మా అత్తగారి వైపు ఒడ్డుకు దగ్గరంతా ఇసుక. కొంచెం దక్షిణంగా వస్తే పులికాట్. మన దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు అదే, కానీ సగటు లోతు ఒక మీటరు. అక్కడ లంగరు చేయిస్తామని వచ్చేవాళ్లను నేనే వెనక్కి పంపుతాను. గట్టి వెదురు గెడ బురదలో రెండు మూడడుగులు దించి బోటు ముక్కును దానికి కట్టుకుంటే అంతకు మించిన పట్టు ఏ ఇనుమూ ఇవ్వదు. సముద్రపు ఇసుకకు మాత్రం వెడల్పు పలకలున్న లంగరు కావాలి. తాడు తగిలించే నిలువు కాడకూ, ఇసుకలోకి దిగే పలకకూ మధ్య కోణం ఇసుకలో ముప్పై డిగ్రీల చుట్టూ ఉండాలి. మెత్తటి బురదకు అదే నలభై అయిదు దాకా తెరవాలి. ఇసుకకు చేసిన కోణంతో బురదలో వేస్తే పైపైన జారుతుంది. బురద కోణంతో గట్టి ఇసుకలో వేస్తే మొన దిగకుండా పల్టీ కొడుతుంది. కాడకు అడ్డంగా ఒక పొడుగాటి రాడ్డు పెట్టేది ఆ పల్టీని ఆపడానికే. అది చూడ్డానికి అనవసరంగా కనిపిస్తుంది గానీ, బోటులో అడ్డమొస్తుందని కోసి పారేయకండి.

ఎక్కువమంది అడిగేది నాలుగు కొక్కేల లంగరే. రాళ్లున్న చోటికీ, మునిగిపోయిన బోట్ల శిథిలాల దగ్గరికీ అదే సరి. అక్కడ చేపలుంటాయి కాబట్టి మావాళ్లు అక్కడికే పోతారు. దాన్ని ఎట్లా చేస్తానో వివరంగా చెప్తాను, ఎవరైనా తమ ఊరి వెల్డరు దగ్గర చేయించుకోవచ్చు.

కాడకు అంగుళంపావు పైపు, రెండడుగులు. కొక్కేలకు 12 ఎం.ఎం. నున్న రాడ్డు. ఇంటి స్లాబులకు వేసే గీతల కడ్డీ నేను వాడను. దాన్ని వంచి, సరిచేసి, మళ్లీ వంచితే వంపు దగ్గర పగులు వస్తుంది. నున్న మెత్తటి ఇనుము అట్లా కాదు. రాళ్లలో ఇరుక్కున్నప్పుడు ఇంజను వేసి లాగితే కొక్కెం సాగి, నిటారై, బయటికొస్తుంది. ఒడ్డుకొచ్చాక పైపు తొడిగి మళ్లీ వంచుకోవచ్చు. ఇక్కడే చాలామంది వెల్డర్లు, గట్టిగా ఉండాలని మంచి మనసుతోనే, 20 ఎం.ఎం. రాడ్డు వేసేస్తారు. అది వంగదు. వంగకపోతే తెగేది తాడు, లేదా కోసుకోవాల్సింది మీరు. ఇసుకకు చేసే లంగరు వంగకూడదు, రాళ్లకు చేసేది వంగాలి. రెండూ వేరేవేరే లంగర్లు, ఒకే దాంతో రెండు పనులు చేయించుకోవాలనుకోవద్దు.

రాడ్డు బరువు తెలుసుకోవాలంటే మా పనివాళ్ల లెక్క ఒకటుంది. ఎం.ఎం. కొలతను దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12కు అయితే 144ను 162తో భాగించండి, కిలోకు కొంచెం తక్కువ. 16 అయితే కిలోన్నర దాటుతుంది. అంగట్లో ఎవరైనా బరువు ఎక్కువ చెప్పి డబ్బులడిగితే మీరే లెక్క చూసుకోవచ్చు.

వంపు దగ్గర తొందరపడకూడదు. లావాటి పైపు చుట్టూ మెల్లగా వంచాలి. సుత్తితో ఒక్క దెబ్బకు మడిచిన మూల ముందు అక్కడే తెగుతుంది. నాలుగు రాడ్ల వంచని కొసలు పైపు లోపలికి ఒక జానెడు పోయేటట్టు పెట్టి, పైపు నోటి దగ్గర చుట్టూ వెల్డింగు చేస్తాను. ఊరికే బయట అంటించిన కొక్కేలు అతుకు మీదే ఆధారపడతాయి. లోపలికి పోయిన రాడ్డు అయితే లాగుడంతా పైపు మీద పడుతుంది. కొత్తగా పని నేర్చుకునే పిల్లోళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. జి.ఐ. పైపు, అంటే జింకు పూత వేసిన పైపు వాడితే వెల్డింగు చేసే చోట పైపూతను గ్రైండరుతో పూర్తిగా తీసేయండి, గాలి ఆడేచోట కూర్చోండి. ఆ తెల్లటి పొగ జింకు కాలిన పొగ. పీల్చిన కొన్ని గంటలకు చలి, జ్వరం, ఒళ్లునొప్పులు పట్టుకుంటాయి. మామూలు జ్వరమనుకొని మరుసటిరోజు మళ్లీ అదే పని చేసేవాళ్లను నేను చూసినాను.

ఇప్పుడు అసలు కిటుకు. చైనును లంగరు పైరింగుకు తగిలించకండి. అడుగున, నాలుగు కొక్కేలు కలిసే చోట ఇంకో రింగు అతికించి దానికి తగిలించండి. అక్కణ్నుంచి చైనును కాడ వెంబడే పైకి తెచ్చి, పైరింగుకు సన్న నైలాను దారంతో రెండు మూడు చుట్లు చుట్టి ముడి వేయండి. మామూలుగా లాగినప్పుడు ఆ దారం పట్టి ఉంచుతుంది, లంగరు తలవైపు నుంచి లాగినట్టే పనిచేస్తుంది. రాళ్లలో ఇరుక్కుంటే బోటును సరిగ్గా లంగరు మీదికి తెచ్చి నిటారుగా గట్టిగా గుంజండి. దారం తెగుతుంది. లాగుడు ఒక్కసారిగా అడుగు రింగుకు మారి, కొక్కేలు ఏ దారిన రాళ్లలోకి దూరినాయో ఆ దారినే వెనక్కి వస్తాయి. మా బావమరిది మొదట్లో నమ్మలేదు. ఒకసారి రాళ్ల దగ్గర వేసి తీసి వచ్చినాక, "బావా, మా పక్క బోటోళ్లకు కూడా ఇట్నే కట్టియ్యి" అని వాళ్ల లంగర్లు కూడా మోసుకొచ్చినాడు. రాత్రిపూట నిద్రపోయేటప్పుడు, గాలివాన కమ్ముకొచ్చినప్పుడు మాత్రం దారం మీద నమ్మకం పెట్టుకోకూడదు. అప్పుడు షాకిల్‌తో, అంటే పిన్ను బిగించే ఇనుప కొలికితో, పైరింగుకే గట్టిగా బిగించండి.

చైను ఎందుకని అడుగుతారు. లంగరుకూ తాడుకూ మధ్య మూడు నాలుగు మీటర్ల చైను ఉంటే దాని బరువుకే తాడు కొన అడుగున పడుకుంటుంది, లాగుడు పక్కకు ఉంటుంది. అలలకు బోటు ఎగిరినప్పుడు ఆ ఊపు నేరుగా లంగరుకు పోకుండా ముందు చైను లేస్తుంది. రాళ్లకూ గుల్లలకూ రాసుకొని తాడు తెగకుండా కూడా అదే కాపాడుతుంది. 8 ఎం.ఎం. చైను మీటరుకు దాదాపు 1.4 కిలోలు. కాబట్టి లంగరుకు అయిదు కిలోలు పెంచే బదులు అదే ఇనుమును చైను రూపంలో వేయండి. లారీలకు కట్టే పాత చైను కూడా తుప్పు తినేయకుండా ఉంటే చాలు, కొత్తదే కావాలని లేదు. షాకిల్ పిన్ను ఊడకుండా జి.ఐ. తీగతో కట్టండి. రాగితీగ వాడొద్దు, ఉప్పునీళ్లలో రాగి తగిలిన చోట జింకు పూత తొందరగా కరిగిపోతుంది.

తాడు సంగతి. నీళ్ల మీద తేలే ప్లాస్టిక్ తాడు చవక, దొరకడం తేలిక. కానీ అది తక్కువ సాగుతుంది, ఎండకు పొడిపొడి అవుతుంది, తేలుతూ ఉంటుంది కాబట్టి పక్క బోటు ఇంజను ఫ్యానుకు (ప్రొపెల్లరుకు) చుట్టుకుంటుంది. నైలాను నీళ్లలో మునుగుతుంది, బాగా సాగుతుంది. సాగడమే దాని గొప్ప. అల కొట్టినప్పుడు ఆ దెబ్బను అది మింగేస్తుంది. తేలే తాడే ఉంటే కొంత దూరాన ఒక చిన్న బరువు కట్టి ముంచండి. తాడు బోటు అంచు మీద రాసుకొనే చోట పాత గొట్టం ముక్క చీల్చి తొడగండి. తాళ్లు ఎక్కువగా తెగేది అక్కడా, ముడి దగ్గరా. ఎంత మంచి ముడైనా తాడు బలాన్ని బాగా తగ్గిస్తుంది, అందుకని ముడి వేసే బదులు కొన పురులు విప్పి అల్లి, ఇనుప థింబుల్ (తాడు అరగకుండా లోపల పెట్టే గాడి రింగు) చుట్టూ కన్ను కట్టడం మేలు. ఆ అల్లిక పని మాత్రం నేను చేయను, పాలెంలో ముసలాయన ఒకరున్నారు, ఆయన చేతిలో ఉన్న నేర్పు నా దగ్గర లేదు.

ఇంత చెప్పినా ఒక్కటి మరిచిపోతే అంతా వృథా. లంగరు తాడును ఎప్పుడూ బోటు ముక్కుకే కట్టండి. వెనకవైపు కట్టడం వల్ల పనికి తేలికగా ఉంటుందని, ఇంజను దగ్గర కూర్చున్నవాడే వేసి తీయొచ్చని కొందరు వెనక కడతారు. బోటు వెనకభాగం తక్కువ ఎత్తు, వెడల్పుగా, ఇంజను బరువుతో ఇప్పటికే నీళ్లలోకి దిగి ఉంటుంది. అల వచ్చినప్పుడు ముక్కు అయితే లేచి దాన్ని చీల్చుకుపోతుంది. వెనక కడితే తాడు లేవనివ్వదు, అల సీదా లోపలికి వస్తుంది. రెండు అలలకు బోటు నిండిపోతుంది. ఆ విధంగా పోయిన బోటు వాళ్లింటికి మా అత్తగారి ఊళ్లో పరామర్శకు పోయినాను. అందుకే అంగట్లో లంగరు చేతికిచ్చేటప్పుడు ప్రతివాళ్లతో, వయసులో పెద్దవాళ్లతో కూడా, "ముక్కుకే కడతానని చెప్పు" అని అనిపించుకొని పంపుతాను. ఇరుక్కున్న లంగరును ఇంజనుతో గుంజేటప్పుడు కూడా ఇదే మాట, ముక్కు నుంచే గుంజాలి. ఒక కత్తి ముక్కు దగ్గర ఎప్పుడూ ఉంచండి, తప్పనప్పుడు తాడు కోసేయడానికి. లంగరు పోతే మళ్లీ చేయించుకోవచ్చు.

లంగరు జారుతోందో లేదో తెలుసుకునే పద్ధతి మావాళ్లకు చెప్పేంత వాణ్ని కాను. ఒడ్డున ఒక తాటిచెట్టును, దాని వెనక ఎక్కడో ఒక గోపురాన్నో టవరునో వరసలో పెట్టుకొని చూస్తూ ఉంటారు. రెండూ విడిపోతే బోటు కదిలినట్టే. చేపలు దొరికే చోటును గుర్తుపెట్టుకునేదీ ఇట్నే.

లోతైన నీళ్లలో ఇంజను ఆగిపోతే అడుగుకు లంగరు అందదు. అప్పటికి నీటి లంగరు ఒకటి ఉండాలి. దీనికి వెల్డరు అక్కర్లేదు, టైలరు చాలు. గట్టి టార్పాలిన్‌ను గరాటులా కుట్టించండి, నోరు మూడు నాలుగడుగుల వెడల్పు, తోక దగ్గర అరచెయ్యి దూరేంత కన్నం. నోటి చుట్టూ నాలుగు తాళ్లు, అవన్నీ కలిసి ఒక పొడుగాటి తాడుకు. ముక్కు నుంచి నీళ్లలోకి వదిలితే అది నీళ్లు నింపుకొని బరువుగా వెనకపడుతుంది, బోటు ముక్కు గాలికి, అలకు ఎదురుగా నిలుస్తుంది. బోటు కొట్టుకుపోవడం ఆగదు గానీ నెమ్మదిస్తుంది, అడ్డంగా తిరిగి బోల్తాపడే గండం తప్పుతుంది. మడిచిపెడితే ఒక సంచి అంత. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు ముందుగానే హెచ్చరిక వచ్చింది, అందరూ ఒడ్డునే ఉన్నారు. రోజూ అట్లా ఉండదు, ఇంజను ఆగేముందు ఎవరూ హెచ్చరించరు.

మన పిచ్చాటూరు దగ్గర ఆరణియార్ రిజర్వాయరులో, చెరువుల్లో తెప్పల మీద వేట చేసేవాళ్లు కూడా అడుగుతుంటారు. వాళ్లకు ఇనుమే వద్దు. గట్టి గోనెసంచిలో ఇసుక నింపి, మూతి బిగించి తాడు కట్టండి. తెప్పకు చిల్లు పెట్టదు, కాలి మీద పడినా ఇనుమంత దెబ్బ తగలదు, వేట అయిపోతే ఇసుక పారబోసి సంచి ఇంటికి తెచ్చుకోవచ్చు. చెట్ల మొద్దులున్న రిజర్వాయరులో కొక్కేల లంగరు వేస్తే అది అక్కడే ఉండిపోతుంది.

కొత్త లంగరును సముద్రంలో వేసేముందు తడి ఇసుక మీద ఒకసారి పరీక్ష చేయండి. చైను నేలమీద పరిచి, ఇద్దరు మనుషులు వంగి, తాడు నేలకు దగ్గరగా పట్టుకొని లాగాలి. రెండు మూడడుగుల్లోపల మొన దిగాలి. ఊరికే గీత గీసుకుంటా వచ్చిందంటే కోణం తప్పు, నా దగ్గరికి తెండి, వంచి ఇస్తాను. మామ లంగరును కూడా నేను కొత్తగా చేయలేదు. పాతదానికే పలకల కోణం సరిచేసి, అడ్డరాడ్డు అతికించి, నాలుగు మీటర్ల చైను తగిలించి పంపినాను.

చేయించుకోవాలనుకునేవాళ్లు బోటు ఎన్నడుగులు, ఎన్ని బారల లోతులో ఆగుతారు, అడుగున ఇసుకా బురదా రాళ్లా అన్నది చెప్పండి. రాళ్లకూ ఇసుకకూ రెండిటికీ పోయేవాళ్లయితే రెండు లంగర్లు వేసుకోండి. జూన్ మొదటి వారంలో అందరూ ఒకేసారి వస్తారు, మే నెలలోనే చెప్తే నిదానంగా చేసిస్తాను.